ఇంగ్లండు నగరములలో భారతీయ భోజనశాలలు

ఇంగ్లండు నగరములలో ‘ఇండియన్ రెస్టారెంటు’ అను పేర ప్రసిద్ధమైన భోజనశాల రెండు వందల యేండ్లకు మించిన చరిత్ర గల సంస్థ. లండను, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్, బ్రాడ్‌ఫర్డ్, లెస్టర్ మున్నగు మహానగరములలోనే గాక, ఒక చర్చి, ఒక రైలు స్టేషను, పట్టుమని పది అంగళ్ళు గల చిన్న ఊళ్ళలో సైతము నేడిది కనబడును. పేరు భారతీయమే గాని, వీనిని నెలకొల్పి నడపినవారిలో అత్యధికులు నేటి బంగ్లాదేశములోని సిల్హెట్ ప్రాంతమువారు. తరువాతి స్థానము మీర్‌పూరు కాశ్మీరీలది, పంజాబీలది, తూర్పు ఆఫ్రికానుండి తరలి వచ్చిన గుజరాతీలది. ఇందలి వంట వారెవ్వరి యింటివంటయు కాదు. ఆంగ్ల నగరజీవనపు వేళలకును, కూలిజనపు ఆదాయమునకును, అక్కడ దొరకు సరకులకును లోబడి ఆ నేలమీదనే రూపొందిన స్వతంత్ర పాకసంప్రదాయమది. స్వదేశమునుండి క్రొత్తగా వెళ్ళిన మనవారు దానిని రుచిచూచి, ఇది మన కూరకు చెడిన రూపమని తీసివేయుట పరిపాటి; కాని దానిని పుట్టించిన పరిస్థితులను, వండిన చేతులను తెలిసికొన్నవారు అట్టి తీర్పును తొందరపడి చెప్పజాలరు.

ఈస్టిండియా కంపెనీ కొలువులో ధనార్జన చేసి స్వదేశమునకు మరలిన దొరలతో కూడ భారతీయ వంటకములపై మక్కువయు ఇంగ్లండు చేరెను. 1747లో హానా గ్లాస్ ప్రకటించిన సుప్రసిద్ధ పాకశాస్త్ర గ్రంథములోనే భారతీయ పద్ధతిని కర్రీ చేయు విధానము కలదు. 1773 నాటికి లండను హేమార్కెట్ ప్రాంతమందలి నోరిస్ స్ట్రీట్ కాఫీహౌసులో కర్రీ వడ్డించుచుండిరి. అయితే భారతీయుడొకడు తానై స్థాపించిన తొలి భోజనశాల 1810లో, పోర్ట్‌మన్ స్క్వేరు చేరువనున్న జార్జి వీధిలో వెలసిన హిందూస్తానీ కాఫీహౌసు. దాని యజమాని షేక్ దీన్ మొహమ్మద్ 1759లో పాట్నాలో జన్మించి, బాల్యముననే కంపెనీ సైన్యమున చేరి, ఐర్లండులోని కార్క్ నగరమున పెక్కేండ్లు నివసించి, 1794లో తన యాత్రానుభవములను ఆంగ్లమున గ్రంథస్థము చేసినవాడు. ఆంగ్లభాషలో పుస్తకము వ్రాసి ప్రకటించిన మొదటి భారతీయుడుగా ఆయనకు ఖ్యాతి కలదు. వెదురు కుర్చీలు, గోడలపై భారతదేశ దృశ్యములు, భోజనానంతరము హుక్కా గల ఆ శాల రెండేండ్లు నిలువలేదు. ఆ రుచిని కోరు సంపన్నులకు ఇండ్లలోనే వంటవారుండిరి. సామాన్యులకు ఆ రుచియే తెలియదు. 1812లో దివాలా తీసిన దీన్ మొహమ్మద్ పిమ్మట బ్రైటన్ చేరి, ఆవిరి స్నానములకును అంగమర్దనమునకును పేరొందిన స్నానశాల నడపి, ఇద్దరు రాజులకు సేవచేసి, 1851లో మరణించెను. ఆయన కాఫీహౌసు నిలిచిన చోట 2005లో వెస్ట్‌మినిస్టర్ పురపాలక సంఘమువారు స్మారక ఫలకము నుంచిరి.

ఆ తరువాతి నూరేండ్లలో చెప్పదగినది స్వల్పము. 1926లో లండను రీజెంట్ వీధిలో ప్రారంభమైన వీరాస్వామి భోజనశాల మాత్రము నేటి వరకును నిలిచి, బ్రిటనులో జీవించియున్న భారతీయ భోజనశాలలలో ప్రాచీనతమమని పేరొందినది. దీని స్థాపకుడు ఎడ్వర్డ్ పామర్ వంశవృక్షము తెలుగు పాఠకులకు ఆసక్తికరము. ఆయన ముత్తాత జనరల్ విలియం పామర్. ముత్తవ్వ ఫైజ్ బఖ్ష్ అను ముస్లిము ప్రభువంశ స్త్రీ. ఆ దంపతుల కుమారుడైన మఱియొక విలియం పామరే హైదరాబాదులో పామర్ కంపెనీ యను వడ్డీవ్యాపార సంస్థను స్థాపించి, నిజాము ప్రభుత్వమునకు అప్పులిచ్చి, ఆ వ్యవహారమున చరిత్ర కెక్కినవాడు. ఎడ్వర్డ్ పామర్ 1924–25 సంవత్సరములలో వెంబ్లీలో జరిగిన సామ్రాజ్య ప్రదర్శనమున భారతీయ భోజనశాలను నడపి, ఆ అనుభవముతో రీజెంట్ వీధికి వచ్చెను. తలపాగాలు ధరించిన సర్వర్లు, రాజమందిరము వంటి అలంకారము, భారతదేశమున ఉద్యోగము చేసి వచ్చిన దొరలు, దొరసానులు, స్వదేశీ సంస్థానాధీశులు దాని ప్రథమ వైభవము. 2016లో మిషెలిన్ సంస్థవారి నక్షత్ర గౌరవము దీనికి లభించినది. కాని వీరాస్వామి దొరల విందుశాల. ఇంగ్లండు వీధి వీధికిని కూర వంటను తెచ్చినవారు ఓడ కళాసులు.

సుర్మా నదీతీరమున పడవలు నడుపు సిల్హెట్ జనులు పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమునుండి కలకత్తా రేవుకు చేరి, ఆవిరి యోడలలో కొలిమికి బొగ్గువేయు పనికి కుదురుచుండిరి. ఓడ అడుగున, ఆ మంటల యెదుట పనిచేయుటకు ఆంగ్ల నావికునికిచ్చు వేతనములో కొద్దిపాలు మాత్రమే వారికి దక్కెడిది. లండను, కార్డిఫ్, లివర్‌పూల్ రేవులలో ఓడ నిలిచినప్పుడు కొందరు తెగించి దిగిపోయి, నగరమున కలిసిపోవుచుండిరి. పొగలో, వేడిమిలో పనిచేయుట వారికి అలవాటే కనుక హోటళ్ళ వంటశాలలలో పాత్రలు తోమి, ఉల్లిపాయలు తరిగి, క్రమముగా గరిటె పట్టిరి. అట్లు వచ్చిన అయూబ్ అలీ మాస్టర్ లండను తూర్పు భాగమునందలి కమర్షియల్ వీధిలో షా జలాల్ కాఫీహౌసు నడుపుచు, దిక్కులేని కళాసులకు అన్నముపెట్టి, చదువురాని వారికి ఉత్తరములు వ్రాసి, పోలీసు స్టేషనులో పేర్లు నమోదు చేయించి, ఇంటికి డబ్బు పంపు దారి చూపి, 1943లో భారతీయ నావికుల సంక్షేమ సంఘ స్థాపనలో ముఖ్యుడయ్యెను. ఇంగ్లండులోని భారతీయ భోజనశాల చరిత్రలో వీరాస్వామికంటె ఈ కాఫీహౌసుకే పెద్దపీట వేయవలెనని ఈ వ్యాసకర్త యభిప్రాయము.

రెండవ ప్రపంచయుద్ధమున బాంబులకు దెబ్బతిన్న చిన్న కాఫీ హోటళ్ళను, చేపల వేపుడంగళ్ళను కళాసులు కూడబెట్టిన సొమ్ముతో కారుచౌకగా కొనిరి. పాత ఖాతాదారులను తరిమివేయక, చేపలు, బంగాళాదుంపల వేపుడు నట్లే యుంచి, దాని ప్రక్కన కూర, అన్నము చేర్చిరి. ఇచట కాలనియమ మొకటి గమనింపదగినది. ఆ కాలమున పబ్బులు రాత్రి పది పదకొండు గంటల మధ్య మూతపడెడివి. ఇతర హోటళ్ళు అంతకుముందే తలుపులు వేసెడివి. పబ్బునుండి వెలుపలికి వచ్చిన యువకునికి ఆకలివేసినచో తెరచియుండునది సిల్హెట్ వాని భోజనశాల యొక్కటే. తొలుత వేపుడుపై పులుసు పోయించుకొన్నవాడు, కొన్నాళ్ళకు కూరయే కావలెననెను. 1948 నాటి పౌరసత్వ చట్టమువలన కామన్వెల్తు ప్రజలకు బ్రిటనులో నివసించు హక్కు లభించుట, 1962 నాటి చట్టముతో ద్వారములు మూయబడనున్నవని తెలిసి అనేకులు బంధువులను త్వరపడి రప్పించుకొనుట ఈ వ్యాపార విస్తరణకు తోడ్పడినవి. 1947లో సిల్హెట్ తూర్పు పాకిస్తానులో చేరినను, 1971లో బంగ్లాదేశమైనను, బోర్డుపై ‘ఇండియన్’ అను మాట చెక్కుచెదరలేదు. ఖాతాదారులకు తెలిసిన పేరు అదే.

ఈ భోజనశాలల వంటవిధానము పరిశీలింపదగినది. మధ్యాహ్నము నాలుగు గంటలకు వంటశాలలోనికి వెళ్ళినచో మొదట కంటబడునది నిలువెత్తు గుండిగ. బస్తాల కొలది ఉల్లిపాయలు, అల్లము, వెల్లుల్లి, కొంచెము కేరట్టు, క్యాప్సికము, నూనె, పసుపు, నీరు చేర్చి గంటలతరబడి ఉడికించి, చల్లార్చి, మరచేత మెత్తగా రుబ్బి, మరల కాచగా పసుపువన్నె గల పలుచని గ్రేవీ సిద్ధమగును. కోడిమాంసము, వేటమాంసము, బంగాళాదుంపలు వేరువేరుగ ముందే ఉడికించి యుంచుదురు. రాత్రి చీటి వచ్చిన తోడనే వంటవాడు పిడి గల చిన్న అల్యూమినియము పెనమును పెద్ద సెగపై నుంచి, గరిటెతో నూనె, అల్లము వెల్లుల్లి ముద్ద, మసాలాపొడి, టమాటా గుజ్జు వరుసగా వేసి, పెనము అంచున మంట పైకి లేచుచుండగా, కాగుచున్న గ్రేవీని గరిటెడు గరిటెడుగా మూడు నాలుగు మారులు పోయును. పెనము అంచున అంటి మాడుచున్న పులుసును గీకి లోపలికి కలుపుటయందే రుచి మర్మమంతయు నున్నదని ఆ పనివారు చెప్పుదురు. ఏడెనిమిది నిమిషములలో కూర సిద్ధము. క్రీము, కొబ్బరిపొడి, పంచదార చేర్చినచో కుర్మా. మిరపపొడి, నిమ్మరసము చేర్చినచో మద్రాస్. మిరపపొడి మిక్కిలిగా వేసి బంగాళాదుంప చేర్చినచో విండాలు. పప్పుచేర్చి తీపి పులుపులు కలిపినచో ధన్‌సాక్. గుండిగ యొక్కటి, కూరలు నలుబది. నలుగురు కూర్చున్న బల్లపై నాలుగు విధముల వంట ఏకకాలమున వేడివేడిగా దింపుటకు, ఇద్దరు వంటవారితో నూరుమందికి భోజనము పెట్టుటకు ఇంతకు మించిన ఉపాయము లేదు. దారిద్ర్యము, స్థలాభావము కూడి నేర్పిన ఈ యుక్తిని నేను శాస్త్రమనియే పిలుచుచున్నాను.

కుర్మా, మద్రాస్, విండాలు, ఫాల్ అను క్రమము ఆంగ్ల భోక్తలకు కారపు మెట్లు. మద్రాసు పేరు గల కూరలో చింతపండు గాని, కరివేపాకు గాని, ఆవాల తాలింపు గాని సాధారణముగా నుండదు. బిర్యానీ యన్నచో మనము దమ్ము పట్టించిన అన్నమును తలపోయుదుము. అక్కడ అది మాంసముతో వేయించిన అన్నము, ప్రక్కన గిన్నెడు కూరగాయల పులుసు, కొన్నిచోట్ల పైన గ్రుడ్డు అట్టు. భోజనక్రమమునకును ఒక మర్యాద యేర్పడినది. బల్లకడ కూర్చుండగనే అప్పడములు దొంతరగా వచ్చును. వానితోబాటు నాలుగు గిన్నెలు గల పళ్ళెరమున తీపి మామిడి చట్నీ, తరిగిన ఉల్లిపాయలు, పుదీనా పెరుగు, నిమ్మకాయ ఊరగాయ నుంచుదురు. మన పంక్తిలో చివర చేరు అప్పడము అక్కడ భోజనమునకు నాందీ. పిదప ఉల్లిపాయ పకోడీలు గాని, సమోసాలు గాని, తందూరీ ముక్కలు గాని. ఆ మీదట కూర, పిలావన్నము, నాన్. నలుగురును తలకొక కూర చెప్పి, గిన్నెలు ఒకరివైపు ఒకరు జరుపుకొని పంచుకొని తినుటను ఆంగ్లేయులు ఈ బల్లలకడనే అలవరచుకొనిరి. చివర వేడినీట ముంచిన తువ్వాలు, చాకొలెట్టు పుదీనా బిళ్ళ. గోడలకు నూగుతేలిన ఎఱ్ఱని కాగితము, వెనుక సితారు నాదము గల పాతకాలపు శాలలు నేడు అరుదు.

ఈ భోజనముతో పుచ్చుకొను పానీయ చరిత్రలోను హైదరాబాదు పేరు వినబడును. అచట జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి లండను చేరిన కరణ్ బిలిమోరియా, కూరతో పుచ్చుకొనుటకు వాయువెక్కువగా నున్న ఐరోపా లాగరు బీరు కడుపుబ్బరము కలిగించుచున్నదని గ్రహించి, 1989లో కోబ్రా బీరు సంస్థను స్థాపించెను. తొలుత బెంగుళూరులో కాయించి తెప్పించిన ఆ బీరు సీసాలను పాతకారులో వేసికొని భోజనశాల తరువాత భోజనశాలకు తిరిగి అమ్మిన ఆయన, 2006లో ప్రభువుల సభ సభ్యుడయ్యెను.

తందూరు పొయ్యి 1960 దశకమున లండను చేరి, అచటినుండి దేశమంతట వ్యాపించినది. ఎండిన తందూరీ కోడిముక్కకు పులుసు కావలెనను ఖాతాదారుని కోరికనుండి చికెన్ టిక్కా మసాలా పుట్టెనని అనేకులు చెప్పుదురు. దాని జన్మస్థానము తమదేనని స్కాట్లండులోని గ్లాస్గో నగరపు షీష్ మహల్ యజమాని అలీ అహ్మద్ అస్లాం వాదించుచుండెను. ఆయన 2022లో మరణించెను. 2001లో నాటి విదేశాంగమంత్రి రాబిన్ కుక్ ఆ వంటకమును బ్రిటనుయొక్క నిజమైన జాతీయ వంటకముగా ప్రశంసించి, దేశముయొక్క బహుసంస్కృతి స్వభావమునకు దానిని దృష్టాంతముగా చూపెను.

ఇక బర్మింగ్‌హామ్. ఆ నగరమునకు దక్షిణమున స్పార్క్‌బ్రూక్, బాల్సాల్ హీత్ పేటలలో లేడీపూల్ రోడ్డు, స్టోనీ లేన్, స్ట్రాట్‌ఫర్డ్ రోడ్డు కలిసి యేర్పరచు త్రికోణమునకు బాల్టీ త్రికోణమని పేరు. ఆజాద్ కాశ్మీరులో మంగళా ఆనకట్ట 1967లో పూర్తియగునప్పటికి పాత మీర్‌పూరు పట్టణమును, అనేక గ్రామములును నీట మునిగి, లక్షమందికి పైగా జనులు నిర్వాసితులైరి. వారిలో ఎందరో అప్పటికే బ్రిటనులోనున్న బంధువులను వెదకికొని బర్మింగ్‌హాము ఇనుప కర్మాగారములలో, బ్రాడ్‌ఫర్డు ఉన్ని మిల్లులలో రాత్రిపాళీ పనులకు కుదిరిరి. కర్మాగారములు మూతపడసాగిన కాలమున, చేతిలో పనిలేని ఆ కార్మికులకు భోజనశాల బ్రతుకుతెరువైనది. 1977 ప్రాంతమున స్టోనీ లేనులోని ఆదిల్స్ భోజనశాలలో మొహమ్మద్ ఆరిఫ్ ఈ బాల్టీ పద్ధతిని ప్రవేశపెట్టినట్లు ఆ నగరమున చెప్పుకొందురు.

బాల్టీ యనగా పలుచని ఉక్కు రేకును అచ్చునవత్తి చేసిన, రెండు చెవులు గల గుండ్రని చిన్న మూకుడు. అది కర్మాగారముల నగరమైన బర్మింగ్‌హాములోనే తయారైనది. ఎముక తీసిన కోడిమాంసమును అందు నూనెలో, నిప్పు నాలుకలు చాచు పెద్ద సెగపై వేగముగా వేయించి, ఉల్లి, టమాటా, అల్లము, మెంతికూరతో కొద్దిసేపటిలో ముగించి, పాత్రను మార్చక, దానినే బల్లపైకి తెచ్చెదరు. నల్లగా కాలిన మూకుడు అంచున పులుసు ఇంకను కుతకుతలాడుచుండగా, నాన్ ముక్కతో అందుండియే ముంచుకొని తినవలెను. నేయి వాడరు, గ్రేవీ గుండిగపై ఆధారపడుట తక్కువ. చెంచా యడిగిన ఇత్తురుగాని, అలవాటుపడినవారు అడుగరు. బల్లయంత వెడల్పు గల ‘టేబుల్ నాన్’ నలుగురైదుగురు కూడి తుంచుకొందురు. బల్లమీది అద్దము క్రింద పరచిన కాగితమే వంటకముల పట్టిక. మద్యమునకు లైసెన్సు లేనందున కావలసినవారు ప్రక్క యంగడిలో సీసా కొని చేతబట్టుకొని రావచ్చును. 1990 దశకమున వారాంతములలో నగరమంతయు ఈ వీధులకే వచ్చునన్నంతగా జనము కిక్కిరిసెడివారు. బాల్టీని ఐరోపావారి రక్షిత సంప్రదాయ ఆహార పట్టికలో చేర్పించు యత్నము ఫలింపలేదు. నేడు త్రికోణములో అసలు పద్ధతిని పాటించు శాలలు వ్రేళ్ళపై లెక్కింపదగినవి. వాని స్థానమున కబాబు, అరబ్బు, మిఠాయి యంగళ్ళు వెలసినవి. అదే నగరమున ఆస్టన్ పేటలో బంగ్లాదేశీ కుటుంబమున జన్మించిన అక్తర్ ఇస్లాం, తన ‘ఓఫీమ్’ భోజనశాలకు 2019లో ఒక మిషెలిన్ నక్షత్రమును, 2024లో రెండవదానిని సాధించెను. ఈ రెండును, సాదా మూకుడును, నక్షత్రమును, ఒకే వలస చరిత్రకు ఫలములు.

మాంచెస్టరు రషోమ్ పేటలోని ‘కర్రీ మైల్’, బ్రాడ్‌ఫర్డు కాశ్మీరీ శాలలు, లండనులోని బ్రిక్ లేన్ వీధి ప్రసిద్ధములు. లెస్టరు నగరమున బెల్‌గ్రేవ్ రోడ్డు కథ వేరు. 1972 ఆగస్టులో ఇదీ అమీన్ ఉగాండాలోని ఆసియావాసులకు తొంబది దినముల గడువిచ్చి వెడలగొట్టగా, లెస్టరు పురపాలకవర్గము ఆ దేశపు వార్తాపత్రికలోనే తమ ఊరికి రావలదని ప్రకటన వేయించెను. అయినను వేలాది గుజరాతీలు వచ్చి, శిథిలమగుచున్న ఆ వీధిని బంగారుమైలుగా మార్చిరి. ఢోక్లా, పాత్రా, కచోరీ, ఉంధియు వంటి శాకాహారము ఇంగ్లండు వీధిలో తలయెత్తి నిలచినది ఇక్కడ. 1976లో వెలసిన బాబీస్ భోజనశాల అందు పేరెన్నికగన్నది.

దక్షిణదేశపు రుచి కొఱకు చిరకాలము లండనే శరణ్యము. భారత స్వాతంత్ర్యమునకై బ్రిటనులో పాటుపడిన ఇండియా లీగు సభ్యులు 1951లో స్థాపించిన ఇండియా క్లబ్బు, కృష్ణమేనోను పేరుతో ముడిపడినది. స్ట్రాండు వీధిలో ఇరుకు మెట్లెక్కి పోయి దోసె, సాంబారు పొందిన భారతీయ విద్యార్థుల తరములు కలవు. 2023 సెప్టెంబరులో అది మూతపడినది. యూస్టన్ స్టేషను వెనుకనున్న డ్రమండ్ వీధి శాకాహారశాలలు, 1973లో టూటింగులో వెలసిన కేరళీయ శ్రీకృష్ణ భోజనశాల ఈ శాఖకు చెందినవి. 2001లో టామరిండ్, జైకా అను లండను శాలలు భారతీయ వంటకు తొలి మిషెలిన్ నక్షత్రములు తెచ్చినవి.

తెలుగువారు ఈ చరిత్రలో ఆలస్యముగా ప్రవేశించిరి. 1960, 70 దశకములలో వెళ్ళిన విశాఖ, గుంటూరు, హైదరాబాదు కళాశాలల వైద్యులు భోజనశాల పెట్టుటకు పోయినవారు కారు. ఊరగాయ జాడీతో, ఇంటివంటతో గడపిరి. సాఫ్టువేరు ఉద్యోగులు, విద్యార్థులు పెరిగిన పిమ్మటనే ఈస్ట్ హామ్, హౌన్‌స్లో మున్నగు చోట్ల హైదరాబాదు దమ్ము బిర్యానీ, గోంగూర మాంసము, పప్పు, పచ్చడి, పెరుగుతో కూడిన ఆంధ్ర భోజనము పట్టికల కెక్కినవి. ఇవి ప్రధానముగా మనవారి కొఱకు మనవారు నడుపు శాలలు. రాత్రి పది గంటలకు పబ్బునుండి వచ్చు ఆంగ్లేయునికై వండినవి కావు.

ఈ సంస్థ పనివారి బ్రతుకును విడిచి చెప్పిన చరిత్ర అసంపూర్ణము. తాగివచ్చిన గుంపులు జాతిని నిందించుట, బిల్లు చెల్లింపక పారిపోవుట, అద్దములు పగులగొట్టుట పందొమ్మిదివందల డెబ్బదులలోను ఎనుబదులలోను ప్రతి సర్వరుకును తెలిసిన సంగతులు. వారానికి ఆరు రాత్రులు, తెల్లవారుజాము దాక పని, భార్యాబిడ్డలు సిల్హెట్‌లో, శాలకు పైనున్న గదిలో నలుగురైదుగురికి పడక. ఆ తండ్రులు గరిటె పట్టి చదివించిన పిల్లలు వైద్యులు, న్యాయవాదులు, గణకులు అయి వంటశాలకు రానొల్లరైరి, తండ్రులును రమ్మనలేదు. స్వదేశమునుండి వంటవాని రప్పింపవలెనన్న వీసా నిబంధనలు అడ్డము. 2024 ఏప్రిలులో నైపుణ్య ఉద్యోగులకు సాధారణ వేతన పరిమితి సంవత్సరమునకు 38,700 పౌనులకు పెరుగగా, చిన్న ఊరి భోజనశాలకు అది అందనిదైనది. అదే సంవత్సరము అక్టోబరు మొదటి తేదీనుండి అమలులోనికి వచ్చిన చట్టము, భోక్త లిచ్చు టిప్పులును సర్వీసు చార్జియు పూర్తిగా పనివారికే చెందవలెనని శాసించినది. ఇరువది శాతము వ్యాటు, పెరిగిన నూనె, గ్యాసు ధరల నడుమ అనేక శాలలు మధ్యాహ్న భోజనమును మాని, బల్లలు తగ్గించి, ఇండ్లకు పొట్లములు పంపు వ్యాపారముపై ఆధారపడుచున్నవి. పట్టికనుండి వంటకములు తగ్గుచున్నవి. గుండిగ మాత్రము ప్రతి మధ్యాహ్నమును పొయ్యి నెక్కుచున్నది.